తంగేడుకు నీళ్లు పోసిన ఏడు

ఫ్రాన్సు దేశపు పల్లెల్లో కోటలు చూడడానికి మేము బస్సులో పోయాము. మేమంటే నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మలం. పేరుకు విహారయాత్ర. నిజానికి ప్రతి కోట దగ్గరా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కునేవాళ్లం, తర్వాత కూర్చోవడానికి బల్ల వెతుక్కునేవాళ్లం, ఇంకా పొద్దు మిగిలితే కోట చూసేవాళ్లం. మా వెంట వచ్చిన టూరు మేనేజరు కుర్రాడు హైదరాబాదువాడు, ఓపిక గలవాడు. మా మోకాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. ఒక మధ్యాహ్నం మమ్మల్ని ఒక కోట ముందు దించాడు. దాని పేరు అతను ఎంత నిదానంగా చెప్పినా నా నోట పట్టలేదు. చుట్టూ కందకం, కందకం నిండా నీళ్లు, నీళ్లలో హంసలు. మా వైపు అన్ని నీళ్లుంటే కోట ఎవరికి కావాలి, వరి వేసుకునేవాళ్లం. రాజులు పోయి చాలా కాలమైందట, వాళ్ల వంశంవాళ్లే వాకిట్లో కూర్చుని టికెట్లు కోస్తున్నారట. మా దొరలకు జరిగినదానికంటే అది గౌరవంగానే ఉందనిపించింది.

తక్కినవాళ్లు ఏ రాజు ఏ మంచం మీద పోయాడో చూడడానికి మేడ ఎక్కారు. మెట్లు చూసి నేను కిందే ఉంటానన్నాను. కోట వెనక్కి తిరిగి వెళితే తోట. మోకాలెత్తు కంచెలు, గీత గీసినట్టు కత్తిరించినవి, చదరాలుగా, మూలలుగా, నడుమ ఒక గుండ్రం, గుండ్రంలో నీళ్లు చిమ్మే తొట్టి. నేను చేతిసంచీతో సహా అక్కడే నిలబడిపోయాను. ఆ తోట నాకు తెలుసు. పదహారేళ్ల వయసులో దానికి నేను నీళ్లు మోశాను.

మా ఊరు దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ, రెండు జిల్లాల సరిహద్దు మీద ఉండేది. కరువు పనులు మొదలైనప్పుడు ఈ జిల్లా ఆఫీసరు మమ్మల్ని ఆ జిల్లా అనేవాడు, ఆ జిల్లా ఆఫీసరు ఈ జిల్లా అనేవాడు. కరువుకు మాత్రం అలాంటి అనుమానం ఎప్పుడూ రాలేదు. ఊరి నడుమ దొర గడి. మాకు తెలిసిన కోట అదే. నాలుగు మూలలా బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజ, దర్వాజకు ఇనుప మేకులు. ఏనుగు ఏనాడూ రాలేదు గాని వస్తే గుచ్చుకోవాలని మేకులు మాత్రం సిద్ధంగా ఉండేవి. దొరల మీద సంఘం తిరగబడిన రోజుల్లో పెద్దదొర పారిపోయి హైదరాబాదు చేరాడు. ఆడవాళ్ల చీర కట్టుకుని పారిపోయాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. మా అవ్వ ఒప్పుకునేది కాదు. "అబద్దం. గాయినకు సరిపోయే చీర ఈ ఊళ్ల ఏడున్నది?" అనేది, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే.

మా బాపు మల్లయ్య ఆ గడికి మాలి. దొర పోయాక తోటపని మానుకొమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి బాపు మానలేదు. గడి వెనక ఒకప్పుడు గుర్రాలను కట్టేసిన కొట్టంలో మేము ఉండేవాళ్లం: బాపు, అమ్మ, బాపు తల్లి మా అవ్వ, నేను. గుర్రాలు పోయి ఎన్నేళ్లయినా మొదటి వాన పడగానే గోడల్లోంచి గుర్రం వాసన లేచేది. వాన అరుదు కాబట్టి ఆ వాసన మాకు పండుగలా ఉండేది. దానికి అవ్వ చుట్ట కంపు, బురుజుల్లోని గబ్బిలాల కంపు, పెనం మీద మాడిన జొన్నరొట్టె వాసన కలిస్తే అదే మా ఇల్లు. తెల్లారకముందే బాపు లేచి చెట్ల మధ్య తిరిగేవాడు, ఎవరికి జ్వరమో ఎవరికి తగ్గిందో చూసుకుంటూ. అమ్మ పొయ్యి మీద జొన్న గట్క పెట్టి, అది ఉడికేలోపు వాకిలి ఊడ్చి, అవ్వతో ఒక చిన్న గొడవ పూర్తి చేసేది. గొడవ లేని పొద్దున అవ్వకు ఆకలయ్యేది కాదు.

కొట్టం పక్కనే బావి. ఎండాకాలంలో ఊళ్లోని బావులన్నీ నోరు తెరిచినా దాని అడుగున ఇన్ని నీళ్లుండేవి. బావి దొరది, బావి చుట్టూ జాగా దొరది, మేము తల దాచుకున్న కొట్టం దొరది. బాపుకు జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది, ఆ బావి కాడ మట్టిగోడలతోనైనా సొంత ఇల్లు. అది బయటికి అనేవాడు కాదు. అయితే అప్పుడప్పుడు బావి గట్టు మీద కూర్చుని తూర్పు ఎటో చూసుకునేవాడు, దర్వాజ ఎటు పెట్టాలో తేల్చుకుంటున్నట్టు.

పెద్దదొర కొడుకు చిన్నదొర ఫ్రాన్సులో చదువుకుని వచ్చాడని విన్నాక కొన్నాళ్లకు ఆయనే కారులో దిగాడు. సన్నగా, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. కూలిన అరుగు మీద కుర్చీ వేయించుకుని, చంకలోని ఫోటోల పుస్తకం తెరిచి, "మల్లయ్యా, జర గిటు చూడు" అన్నాడు. పెద్దదొర మా బాపును ఎప్పుడూ "మల్లిగా" అనేవాడు. ఫ్రాన్సు చదువు వల్ల మా ఇంటికి కలిగిన లాభం ఆ "అయ్య" ఒక్కటే. బాపు దానికే కరిగిపోయాడు.

"గీ తోట చూసినవా? నేను చదువుకున్న ఊరి పక్కన కోటది. సెలవొస్తే చాలు, పోయి ఆడనే కూసునేటోన్ని. గిసొంటిది మన గడిల పెట్టాలె."

బాపు వంగి చూశాడు. "చెట్లు గింత పొట్టిగున్నయేంది దొరా? ఆడ గూడ కరువేనా?"

"కరువు గాదు. కత్తిరిస్తరు."

"ఎందుకు దొరా?"

చిన్నదొర ఫోటో వైపు మళ్లీ ఒకసారి చూశాడు. "అందానికి."

బాపు తలూపాడు. దొరలు ఒకప్పుడు మనుషులనే వరసగా కత్తిరించి నిలబెట్టారు, చెట్ల సంగతి ఆయనకు వింతగా తోచలేదు.

"నా దోస్తులు వస్తరు అక్కడికెల్లి," అన్నాడు చిన్నదొర. "సాగర్ డ్యాం కడుతుండ్రు గద, చూడనీకి. ముందుగాల ఈడ దిగుతరు. వాళ్లొచ్చేటాళ్లకు తోట అచ్చం గిట్ల కావాలె. చేసి చూపెట్టు. గా బావి, బావి కాడి జాగా నీకే ఇస్త. ఇల్లు కట్టుకో."

ఆయన అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనను. అన్నప్పుడు నిజంగానే ఇద్దామనుకున్నాడు. కారు హైదరాబాదు రోడ్డెక్కేదాకా అనుకుంటూనే ఉండి ఉంటాడు. పోతూ పోతూ పుస్తకంలోంచి ఆ ఫోటో ఒకటి పీకి బాపు చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం అమ్మ బావి పక్క జాగాలో నడిచి, ఒకచోట ఆగి, మూడు రాళ్లు తెచ్చి పెట్టింది. "పొయ్యి గీడ," అంది. గోడలు లేవు, కప్పు లేదు, పొయ్యి మాత్రం తయారైంది. "అమ్మా, వాన పడితే గట్క పలచగైతది" అన్నాను. "నీ నోట్ల మన్నువడ," అంది అమ్మ, నవ్వుతూ. అమ్మ అలా నవ్వడం అరుదు, అందుకే గుర్తుంది.

జొన్నపిండి ఉడికించి ఆ ఫోటోను దేవుడి పటం పక్కన గోడకు అంటించాడు బాపు. అందులో అంతా బూడిద రంగే. ఆకాశం బూడిద, కోట బూడిద, చెట్లు బూడిద. ఆ రోజుల్లో ఫోటోలు అంతే. చెట్ల మీద మాత్రం అక్కడక్కడా తెల్లగా మినుకు మినుకుమనే చుక్కలు. బాపు వాటిని వేలితో తడిమి, "పూలు" అన్నాడు.

"కాకిరెట్టలు గావచ్చు," అన్నాను నేను.

"దొరల తోటల కాకిరెట్టలుంటయా? పూలు లేకుంటే తోటెట్లయితదే?" అన్నాడు. అవ్వ కూడా దగ్గరికొచ్చి, కళ్లు చిట్లించి చూసి, పూలేనంది. మా ఇంట్లో బాపూ అవ్వా ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు, అదే చివర.

చిన్నదొర ఫ్రాన్సు నుంచి తెచ్చిన విత్తనాలు మా చీమలకు చాలా నచ్చాయి. తర్వాత గోరింట పెట్టాడు బాపు. అది ఊరి మేకలకు నచ్చింది. చివరికి ఒక పొద్దున బాపు నుదురు కొట్టుకుని గుట్టకు పోయి తంగేడు గింజలు తెచ్చాడు. తంగేడును మేక ముట్టదు, గొర్రె ముట్టదు, అది నీళ్లడగదు, ఎర్ర చెలకలో రాళ్ల మధ్య కూడా బతుకుతుంది, పైగా పసుపు పచ్చటి పూలు. రెండు కర్రలకు తాడు కట్టి గీతలు గీశాడు. గీతల వెంట గింజలు వేశాడు. మొక్కలు లేచాక గొల్లవాళ్ల దగ్గర గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర అడిగి తెచ్చాడు. రెండేళ్లు ఆ కత్తెరతో మోకాళ్ల మీద పాకుతూ తోటంతా కత్తిరించాడు. నడుమ గుండ్రంలో నీళ్లు చిమ్మే తొట్టి కావాలి. మేము పశువుల కుడితి తొట్టి కడిగి పెట్టాము. ఫ్రాన్సులో నీళ్లు పైకి లేస్తాయి, మా దగ్గర అడుక్కి పోతాయి, అంతే తేడా.

రెండో ఏడు వాన ముఖం చాటేసింది. ఎంత మొండి తంగేడైనా కత్తిరించిన కొమ్మ మళ్లీ చిగురు వెయ్యాలంటే తడి కావాలి. బాపు, అమ్మ, నేను బావిలోంచి చేది కంచెల వెంట నీళ్లు పోశాము. ఊరంతా వచ్చి గోడ మీంచి చూసింది. సృష్టి మొదలైనప్పటి నుంచి తంగేడుకు నీళ్లు పోసినవాళ్లు లేరు. అమ్మకు ప్రాణమిచ్చే దోస్తు చంద్రమ్మ, ఆమెను నేను అత్తా అనేదాన్ని, బిందెతో బావికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మల్లన్నా, రేపు జిల్లేడుకు గూడ పోస్తవా ఏంది?"

"పొయ్యమంటే పోస్త," అన్నాడు బాపు. బాపుకు హాస్యం తెలియదు. అది నాకు అవ్వ నుంచి నేరుగా వచ్చింది, నడుమ ఆయన దగ్గర ఆగకుండా.

పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, వచ్చేసరికి గుట్టల మీది తంగేడు ఎండి పుల్లలైంది. చెలకల్లో గునుగు పువ్వు మాత్రం ఇంత ఇంత తలెత్తింది. మా గడి తోట ఒక్కటి నిండా పూసింది. బాపు సరిగ్గా నెల ముందు కత్తెర ఆపాడు, మొగ్గలు నిలవాలని. చదరాలు, మూలలు, గుండ్రం, అన్నీ పసుపే. గోడ మీద ఎక్కి చూస్తే ఎవరో పసుపు ముగ్గు వేసినట్టుండేది. నేను కూడా దాన్ని చూసి ఎగతాళి చెయ్యలేకపోయాను.

బతుకమ్మ పండుగకు మా వైపు తంగేడు లేకుండా పేర్చరు. వేరే పూలు ఎన్నయినా ఉండనీ, ముందు వరస దానిదే. ఆ పువ్వు ఎవరి చెలకలో పూసినా ఊరందరిదీ. అడగడం లేదు, ఇవ్వడం లేదు, పోయి కోసుకోవడమే. దొర దోస్తులు పండుగకు వారం ముందే వస్తామన్నారు. వాళ్లు చూసిపోయాక పూలన్నీ ఊరికే ఇద్దామని బాపు లెక్క. వాళ్లు రాలేదు. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఆడవాళ్లు గంపలతో దర్వాజ దగ్గరికి వచ్చారు. బాపు దర్వాజకు గొళ్లెం పెట్టి, దాని ముందు నిలబడి, "రేపొస్తరంట" అన్నాడు. తెల్లారి కూడా అదే అన్నాడు. రోజూ అదే అన్నాడు. సద్దుల బతుకమ్మ, అంటే పండుగ చివరి రోజు, ఇంకో రాత్రి ఉందనగా చంద్రమ్మ ఒక్కతే వచ్చింది. గంప ఖాళీ.

"మల్లన్నా, రెండు దోసిళ్లు. ఇంటికో పువ్వు పంచుకుంటం."

"చంద్రమ్మా, నువ్వు నా చెల్లె లెక్క. వాళ్లు చూసి పోనియ్యి. గంప గాదు, బండి గట్టుకొని రా."

"రేపు సద్దులు. ఎల్లుండి తంగేడు ఏం జేసుకోవాలె, కూరొండుకోవాల్నా?"

"చేదైతది అత్తా," అన్నాను నేను.

"నువ్వు ఊకో లచ్చీ." ఆమె నా వైపు చూడలేదు. "పెద్దదొర ఉన్నప్పుడు మా ఇండ్లల్లకెల్లి గుంజుకొచ్చి గీ దర్వాజ ముంగట ఆడిపిచ్చిండు. మొగుడు సచ్చినా ఆడాలె, బిడ్డకు పాణం బాగలేకున్నా ఆడాలె. గని పూలు మావే. పూలు ఆపలె ఆయిన. నీకన్న ఆయినే నయం గదా మల్లన్నా?"

బాపు ముఖం నల్లబడింది. "ఫోటోల పూలున్నయి," అన్నాడు. "లేకుంటే దొర దోస్తుల ముంగట దొరకు ఇజ్జత్ ఏముంటది?"

చంద్రమ్మ పోయింది. అమ్మ అంతసేపూ కొట్టం గుమ్మంలో నిలబడి వింది. "ఎనక దిక్కు వరసన్న ఇయ్యరాదు?" అంది మెల్లగా. "ఎవలు జూస్తరు?"

"దొర జూస్తడు."

"చూస్తె?"

"బావి," అన్నాడు బాపు. అమ్మ తన మూడు రాళ్ల వైపు చూసింది. అవ్వ మాత్రం చుట్ట ఆర్పి, "కొడుకా, దొరతనం గా కుర్చీల ఉన్నదనుకున్న. గొళ్లెంల ఉన్నట్టున్నది" అంది. ఆ మాట బాపు వినలేదనుకుంటాను. వినలేదని అనుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం.

సద్దుల నాడు పొద్దు వాలుతుండగా ఊరి ఆడవాళ్లందరూ బతుకమ్మలు ఎత్తుకుని వచ్చారు. ఏటా ఆడే చావడి దగ్గరికి పోలేదు. తిన్నగా గడి దర్వాజ ముందుకు వచ్చారు. దొర పోయిన నాటి నుంచి ఆ జాగాలో ఎవరూ ఆడలేదు, ఇక ఆడబోమని ఒట్టు పెట్టుకున్నారు. ఒక్క తంగేడు పువ్వు లేని బతుకమ్మలు, గునుగూ గుమ్మడిపూలూ ఆకులూ కుక్కి పేర్చినవి, వరసగా నేల మీద పెట్టారు. చంద్రమ్మ బాపుకు చేతులు జోడించి, "వచ్చినం దొరా. ఆడమంటవా?" అంది.

బాపు ఆ "దొరా" అన్న మాటకు వెనక్కి అడుగు వేశాడు, ఎవరో కొట్టినట్టు. తలపాగా తీశాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కట్టుకున్నాడు. అప్పుడైనా గొళ్లెం తియ్యొచ్చు. చెయ్యి దాని మీదే ఉంది. తియ్యలేదు. పాట ఎత్తుకున్నారు.

అమ్మ కూడా బతుకమ్మ పేర్చుకుంది. అందరికంటే చిన్నది, అదీ గునుగుదే. తోటనిండా పూలు పెట్టుకుని ఒక్కటీ తుంచలేదు. దాన్ని తీసుకెళ్లి తక్కినవాటి పక్కన పెట్టి, తిరుగుతున్న వరసలో చొరబడదామని నిలబడింది. చప్పట్లు ఆగలేదు. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఎవరూ జరగనూ లేదు. చంద్రమ్మ ఆమె ముందునుంచే పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అమ్మ చేతులు చప్పట్లకని ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

అప్పుడు కారు వచ్చింది. చిన్నదొర, ఒక తెల్లాయన, తెల్లామె. తెల్లామె కారు ఆగకముందే దిగినంత పని చేసింది. కెమెరా తీసి బతుకమ్మలను తీసింది, గాజులను తీసింది, పాదాలను తీసింది. తర్వాత కెమెరా మొగుడికిచ్చి, చెప్పులు విడిచి, వరస దగ్గరికి వచ్చి నవ్వింది. వరస విచ్చుకుంది. ఆమెకు జాగా ఇచ్చారు. చంద్రమ్మే చేతులు పట్టుకుని చప్పట్లు ఎట్లా కొట్టాలో నేర్పింది. అమ్మ ఇంకా బయటే ఉంది.

చిన్నదొర గడియారం చూసుకుంటూ తోట, తోట అని ఏదో అన్నాడు. వాళ్లు ఊఁ కొట్టారు, కదలలేదు. పాట ముగిసి బతుకమ్మలను సాగనంపడానికి ఊరు కదిలినప్పుడు వాళ్లు కూడా వెంట పోయారు. తిరిగొచ్చేసరికి చీకటి. బాపు దర్వాజ బార్లా తెరిచి లాంతరు ఎత్తి పట్టుకున్నాడు. తెల్లామె లోపలికి రెండడుగులు వేసి చూసింది. లాంతరు వెలుతురు కుడితి తొట్టి దాకా కూడా పోలేదు. అంత పసుపూ బూడిద రంగయింది, అచ్చం ఫోటోలోలాగే. ఆమె మర్యాదగా ఏదో అంది.

"బాగున్నదంటుంది మల్లయ్యా," అన్నాడు చిన్నదొర. "మంచిగ చేసినవ్."

"దొరా, బావి..."

"చూద్దాం తియ్."

కారు పోయాక బాపు లాంతరు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. "చూద్దాం అంటే ఏందే లచ్చీ?" అని నన్నడిగాడు. నా నోటికి తోచని సమాధానం అంటూ అప్పటిదాకా లేదు. "చీకటి గద బాపు, తెల్లారినంక చూస్తడేమో" అన్నాను. ఆయన నమ్మినట్టు తలూపాడు. హాస్యం తెలియనివాళ్లతో ఇదే కష్టం.

మరునాడు బాపు దర్వాజ తెరిచే ఉంచాడు. బావికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ "కోసుకపోండ్రి" అని చెప్పాడు. వాళ్లు నీళ్లు చేదుకున్నారు, పోయారు. చంద్రమ్మ మాత్రం ఆగి, "పండుగ అయిపాయె అన్నా" అంది, కోపం లేకుండా. కోపముంటే బాగుండేది. పూలు వాటంతట అవే రాలాయి. అవ్వ రోజూ ఊడ్చి కుప్ప పెట్టింది. మేకలు వచ్చి వాసన చూసి పోయాయి. ఆ తర్వాత ఏ ఏడూ మా అమ్మను బతుకమ్మకు ఎవరూ పిలవలేదు, రావద్దని కూడా అనలేదు. అమ్మ ఇంట్లోనే పేర్చుకునేది, తంగేడు లేకుండా. ఎందుకే అని ఒకసారి అడిగితే, "గది మీ బాపు పువ్వు," అంది. "ఆయిననే పెట్టుకోమను."

చిన్నదొర మళ్లీ రాలేదు. గడిని దూలాల కోసం, రాళ్ల కోసం ఎవరికో అమ్మేశాడు, బావితో సహా. కొన్నవాడు కూడా మంచివాడే, మేము సామాను కట్టుకునేదాకా దూలాలు పీకకుండా ఆగాడు. గోడకు అంటించిన ఫోటో ఊడలేదు. బాపు గోటితో గీకితే సగం చేతికొచ్చింది, అది కూడా ఆకాశం ఉన్న సగం. తోట గోడకే ఉండిపోయింది. కల్వకుర్తి మార్కెట్లో మూటలు మోస్తూ కిరాయి కొంపలోనే పోయాడు బాపు. నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. అమ్మ చివరిదాకా నా దగ్గరే ఉంది, నా వంటింట్లో, గ్యాసు పొయ్యి ముందు, దాన్ని ఎన్నడూ పూర్తిగా నమ్మకుండా.

ఆ మధ్య ఊరి వైపు పోయాను. గడి జాగాలో ఇప్పుడు ప్లాట్లు. ముందర సిమెంటుతో కట్టిన కమాను, దాని మీద రెండు ఉత్తుత్తి బురుజులు. కావలివాడు ఏ ప్లాటు కావాలమ్మా అన్నాడు. బావి కాడిది అన్నాను. బావి లేదన్నాడు. సద్దులకు మా కాలనీ ముందు తంగేడు కట్టలు కట్టి అమ్ముతారు, నేనూ కొంటాను. చేతిలోకి తీసుకున్నాక దాన్ని ఏ వరసలో పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చుంటాను.

ఇవన్నీ ఆ పరదేశపు తోటలో బల్ల మీద కూర్చుని తలచుకున్నాను. ఒకామె, తోటమనిషి, కరెంటు కత్తెరతో కంచె అంచులు సరిచేస్తోంది. పనితనం బాగుంది గాని బాపు గీత ఇంతకంటే తిన్నగా ఉండేది. మేడ దిగివచ్చిన మేనేజరు కుర్రాణ్ని పిలిచి, ఈ చెట్లు ఏ నెలలో పూస్తాయో ఆమెను అడిగి చెప్పమన్నాను. అతను అడిగాడు. ఆమె కత్తెర ఆపి, నా వైపు చూసి, చాలాసేపు చెప్పింది.

"ఇవి పూల కోసం కాదట మేడం," అన్నాడు కుర్రాడు. "ఎప్పుడూ ఆకుపచ్చే ఉండాలట. ఎక్కడన్నా కంటికి కనబడేంత మొగ్గ వస్తే కత్తిరించేస్తారట. వందల ఏళ్ల నుంచి ఇట్లాగే పెంచుతున్నారట, ఒక్క పువ్వు కనబడనియ్యకుండా."

నేను లేచి కంచె దగ్గరికి పోయాను. ఆకులు చిన్నవి, నున్నవి, గట్టివి. ఎండ పడినచోట తెల్లగా మెరుస్తున్నాయి, చుక్కలు చుక్కలుగా.

సద్దుల ముందునాడు చంద్రమ్మత్త గంప తెచ్చింది. బాపు గొళ్లెం తీసి ఉంటే ఊరి ఆడవాళ్లు ఒక్క పూటలో ఆ పూలన్నీ కోసుకుపోయేవాళ్లు. కంచెలు మాత్రమే మిగిలేవి, ఆకుపచ్చగా, పొట్టిగా, తిన్నగా. మా తోట అచ్చం ఫోటోలోలాగే అయ్యేది.

"మేడం, బస్సు టైమైంది. ఒక ఫోటో తీస్తాను, అక్కడే ఉండండి," అన్నాడు కుర్రాడు. "కొంచెం నవ్వండి."

నవ్వాను. నాకది చేతనైన పనే. ఫోటో రంగుల్లో బాగానే వచ్చింది. నా వెనక కంచెలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి, ఆ చివరి దాకా. పెద్దది చేసి, ఒక్కొక్క వరసా వేలితో తడుముతూ చూశాను. ఎక్కడా ఒక్క పువ్వు లేదు.